స్పీచ్ థెరపీ బాదరబందీ లేకుండా బిడ్డను బడిలో వేయడానికి ఎనిమిది చిట్కాలు

మడకశిరలో మీ పిల్లవాడికి రెండేళ్లు నిండాయి. "అమ్మా, పాలు" అని రెండు మాటలు కూడా ఇంకా కలపడం లేదు. థెరపిస్టుకు చూపించమని అంగన్‌వాడీ టీచర్ వెంటపడుతోంది. కంగారు పడకండి. ఇవి పాటిస్తే ఆ గడప తొక్కకుండానే ఒకటో తరగతి దాకా లాక్కుపోవచ్చు.

1. ముందు వంశాన్ని అడ్డం పెట్టండి. "వాళ్ల నాయనకూ నాలుగేళ్లకే మాటలొచ్చినాయి" అని జేజితో చెప్పించండి. జేజికి ఎదురు చెప్పేవాళ్లుండరు. ఒక ఏడాది గడుస్తుంది.

2. రెండో ఏడాదికి కన్నడం ఉంది. ఇంట్లో తెలుగు, అమ్మమ్మ ఊరు శిరాలో కన్నడం. "రెండు భాషలతో బిడ్డ తికమకపడుతున్నాడు" అనండి. రెండు భాషలు వింటే మాట ఆగిపోదని థెరపిస్టులు చెబుతారు. ఎదురింటి పిల్ల రెండింటిలోనూ గలగలా మాట్లాడుతుంటే, అటువైపు కిటికీ మూసేయండి.

3. చెవి పరీక్ష జోలికి పోవద్దు. మాట ఆలస్యమైతే ముందు వినికిడి చూడాలంటారు. మీరే తేల్చేయండి: వెనకనుంచి కంచం మోగించండి. తిరిగి చూశాడా, చెవులు భేష్. కంచం మోత వినబడినా "స" లాంటి సన్నని ధ్వని అందకపోవచ్చట. అంత సన్నని లెక్కలు మనకొద్దు.

4. అంగన్‌వాడీకి ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) డాక్టర్లు వచ్చే రోజు ముందే కనుక్కోండి. 2013లో మొదలైన ఈ పథకంలో 18 ఏళ్ల లోపు పిల్లల్ని ఉచితంగా చూస్తారు. ఎదుగుదల ఆలస్యాలూ పట్టేస్తారు. ఆ రోజు బిడ్డను చెనక్కాయ చేనికి తీసుకుపోండి. పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చినా భయం లేదు, రేషన్ కార్డు సంచిలో అడుక్కు తోసేయండి.

5. నాలుకకు వస రాయండి. "వస పోసిన పిట్ట" అన్న మాట ఊరికే పుట్టలేదు. ఎవరడిగినా "మందు వాడుతున్నాం" అంటే ఆరు నెలలు నోరెత్తరు.

6. బిడ్డ చెంబు వైపు వేలు చూపగానే నీళ్లిచ్చేయండి. థెరపిస్టయితే ఎదురుగా కూర్చుని, "నీళ్లు" అని పలికి, వాడి నోటినుంచి ఏదో ఒక శబ్దం వచ్చేదాకా ఆగమంటారు. ఆగే తీరిక ఎవరికుంది? ముద్ద తినిపించేటప్పుడు చేతిలో సెల్‌ఫోన్ పెట్టండి. ఇద్దరికీ మాట్లాడే పని తప్పుతుంది.

7. దూరాన్ని వాడుకోండి. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965 నుంచీ ఉంది. "అంత దూరం ఎవరు పోతారు?" అనండి. దసరాకు ఎటూ మైసూరు పోతారు కాబట్టి ప్యాలెస్ చూడండి, చాముండి కొండెక్కండి. మానసగంగోత్రి వైపు మాత్రం ఆటో ఎక్కకండి, సంస్థ అక్కడే ఉంది.

8. ఎవరైనా పట్టుబట్టి థెరపీకి పంపితే ఒక్కసారి పోండి. ఇంట్లో రోజూ చేయించమన్న ఆటలు చేయించకండి. రెండు వారాలకే "ఏం తేడా లేదు" అని మానేయండి. ఇంత చక్కటి సాకు మళ్లీ దొరకదు.

ఇలా నడిస్తే బడి ఈడు ఇట్టే వస్తుంది. మొదటి రోజు టీచర్ "నీ పేరేంటి నాన్నా?" అని అడుగుతుంది. వాడు మీ ముఖం వైపు చూస్తాడు. పేరు మీరే చెప్పేయండి. నాలుగేళ్లుగా అలవాటైన పనే.