మా ఇంట్లో తెలుగు తిట్టడానికే

మా చిన్నది బొమ్మను తిడుతుంటే వినాలి. "ఎన్నిసార్లు చెప్పాలె నీకు? చెవులున్నయా, లేవా?" అచ్చం సిరిసిల్లలో మా వాడకట్టు యాస, రవ్వంత తేడా ఉండదు. అదే పిల్ల ఐస్‌క్రీం కావాలంటే గుజరాతీలో అడుగుతుంది. అన్నతో ఆటలూ అలకలూ అన్నీ గుజరాతీలోనే. సూరత్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతుంది గానీ మా పిల్లలు చదివేది ఇంటి పక్క గుజరాతీ బడిలో. అయినా వరాఛాలో పుట్టిన పిల్లకు తెలుగు ఇంత చక్కగా అబ్బిందంటే, రోజూ పాఠం చెప్పిన పంతులు నేనే.

నా తరఫు వాదన కూడా వినండి. నేను పనిచేసేది సాంచాల ఖాతాలో. మరమగ్గాలు నడుస్తుంటే పక్కవాడితో మాట్లాడాలన్నా అరవాలి, లేదా చేతులు తిప్పాలి. పన్నెండు గంటల షిఫ్టు దిగి ఇంటికొచ్చాక కూడా గొంతు దిగదు. "ఉప్పు ఇటియ్యి బిడ్డా" అన్నా పక్క పోర్షన్‌లో వాళ్లు ఉలిక్కిపడతారు. మా ఆవిడ ఈ వాదన ఒప్పుకోదు. "మరి సేఠ్ ఫోన్ చేస్తే గొంతు ఎట్ల దిగుతదయ్యా?" అంటుంది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

చుట్టూ ఉన్నది అమ్రేలీ, భావనగర్ జిల్లాల నుంచి వజ్రాలు సానబట్టడానికి వచ్చిన కాఠియావాడీ పటేళ్లు. కన్నకొడుకునైనా పేరు చివర 'భాయ్' తగిలించి పిలుస్తారు. మా ఇంట్లో పేరుకు ముందు 'అరేయ్' తగులుతుంది, ఒక్కోసారి పేరే ఉండదు.

ఇలా ఉండగా పిల్లల బడిలో ఒక ఆదివారం తల్లిదండ్రులకు మీటింగ్ పెట్టారు. మా ఆవిడ నన్ను తోలింది. అక్కడ ఇద్దరి గురించి విన్నాను. ఒకాయన థామస్ గోర్డన్, అమెరికా సైకాలజిస్టు. 1962లోనే తల్లిదండ్రులకు క్లాసులు మొదలుపెట్టాడు. పిల్లల నోరు మూయించే మాటలు పన్నెండు రకాలని జాబితా రాశాడు: ఆజ్ఞ, బెదిరింపు, నీతిబోధ, సలహా, వెక్కిరింత, ఆరా తీయడం, ఇలా. వింటుంటే నా దినచర్య ఎవరో చదువుతున్నట్టుంది. ఆ పన్నెండింటిలో నాకు చేతకానిది ఒక్కటే, పొగడ్త. అదీ ఆ జాబితాలో ఉందట! ఆ ఒక్క విషయంలో మాత్రం నేను ఆదర్శ తండ్రిని.

రెండో ఆయన ఈ పటేళ్ల సీమవాడే, గిజుభాయి బధేకా. 1885లో అమ్రేలీ దగ్గర చితల్‌లో పుట్టాడు. వకీలు. కొడుకు పుట్టాక వాణ్ణి ఎలా పెంచాలా అని పుస్తకాలు పట్టి, చివరికి కోర్టే వదిలేసి, 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచాడు. జనం ఆయన్ని 'మూఛాళీ మా', అంటే మీసాల తల్లి అన్నారు. తల్లీతండ్రీ కావడం కష్టమనే పేరుతో ఒక పుస్తకమే రాశాడు. నాకూ ఆయనకూ పోలిక వెతికితే మీసం దగ్గరే ఆగిపోయింది.

ఆ రాత్రే ప్రయోగం మొదలుపెట్టాను. గోర్డన్ పద్ధతిలో 'నువ్వు వెధవవి' అనకూడదు, నాకెలా ఉందో చెప్పాలి. పెద్దాడు పుస్తకాల సంచి గడపలో పడేశాడు. నేను గొంతు తగ్గించి, "నువ్వు సంచి ఇట్ల పారేస్తే నా మనసుకు కష్టమైతది బిడ్డా" అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, వంటింట్లోకి పోయి తల్లిని గుజరాతీలో అడిగాడు: "బాపుకేమైంది? పని పోయిందా?"

అసలు వాడితో నాకు మాటలు తక్కువ. బడిలో ఏమైందంటే "కంయ్ నయ్" అంటాడు, ఏమీ లేదని. అలాంటివాడు ఒకనాడు స్కూటర్ వెనక కూర్చుని, కాపోద్రా దాటాక తనంతట తానే మొదలుపెట్టాడు. క్లాసులో వాణ్ణి 'మద్రాసీ' అంటున్నారట. సిరిసిల్ల ఎక్కడుందో మ్యాపులో చూపించినా నమ్మలేదట. ఒకణ్ణి తోశాడట. ఫ్లైఓవర్ కింద ఆటోల హారన్లలో నేను జవాబు చెప్పినా వినపడదు, వెనక్కి తిరిగి చూడటానికీ లేదు. అందుకే "ఊ", "మళ్లేమైంది?" అని మాత్రం అన్నాను. వాడు చెప్తూనే ఉన్నాడు.

మినీబజార్ దగ్గర బండి ఆగింది. రోడ్డు పక్కన హీరా దలాళ్లు కాగితం పొట్లాలు విప్పి, కంటికి అద్దం పెట్టి, పెదవి కదపకుండా రాళ్లు చూసుకుంటున్నారు. చప్పుడు కాస్త తగ్గేసరికి నా నోరు లేచింది. "అట్ల తోస్తరారా? నేను నీ వయసుల ఉన్నప్పుడు..." ఆజ్ఞ, నీతిబోధ, వెక్కిరింత, వరసగా వచ్చేశాయి. ట్రాఫిక్ కదిలేలోపు "కంయ్ నయ్" కూడా వచ్చేసింది.

ఇప్పటికీ వాడు మాట్లాడేది స్కూటర్ మీదే, అదీ బండి కదులుతున్నంతసేపే. అందుకని రద్దీ సందులు చూసుకుని, చుట్టుదారిలో ఇంటికి తెస్తున్నాను. పెట్రోలు ఖర్చు గురించి మా ఆవిడ అడగలేదు. వాడు నాతో తెలుగులో మాట్లాడుతున్నాడన్న సంగతి ముందు పట్టుకున్నది ఆవిడే.

సూరత్‌లోని మన తెలుగు తండ్రులకు ఒక్క మనవి. పిల్లల్ని తిట్టకుండా ఉండలేకపోతే ఆ తిట్లేవో కాఠియావాడీలో నేర్చుకోండి, అందులో కొదవేమీ లేదు. తెలుగును ముచ్చట్లకు ఉంచండి.