ఎర్రగుంట్లలో ఇసుక కిలో 599

బెంగళూరులో ఉండే మావాడు పండక్కి వస్తూ కొడుకుతోపాటు ఒక అట్టపెట్టె తెచ్చినాడు. విప్పితే లోపల ప్లాస్టిక్ డబ్బా, డబ్బాలో ఇసుక. కిలో. ధర 599. నీళ్లు పోయకుండానే ముద్దకట్టే ఇసుకంట. ఆ వింత ఏందో విచారిస్తే నూటికి తొంభై ఎనిమిది పాళ్లు మామూలు ఇసుకే, తక్కిన రెండు పాళ్లు సిలికాన్ నూనె. పెన్నేటి పక్క ఊరికి రైలెక్కించి ఇసుక తెచ్చినోడు మా వంశంలో వీడే మొదటోడు.

"ఏంరా అబ్బయ్యా, బెంగళూరులో అంత కరువొచ్చిందా, మన్ను కూడా కొనుక్కోవాల్సి వచ్చెనా?" అనింది వాళ్లమ్మ.

"మన్ను కాదుమా, సెన్సరీ ప్లే," అన్నాడు.

నాకు లెక్కలేసే జబ్బుంది. 2019లో మన సర్కారు ఇసుకకు ధర కట్టినప్పుడు టన్ను 375 రూపాయలు. కిలో ముప్పై ఏడున్నర పైసలు పడింది. దానికే ఎంత రచ్చ జరిగిందో అందరికీ గుర్తే. 2024లో మళ్లీ ఉచితమన్నారు. మావాడు తెచ్చిన లెక్కన టన్ను ఐదు లక్షల తొంభై తొమ్మిది వేలు. దీనిమీద ఒక ధర్నా లేదు, ఒక రాస్తారోకో లేదు. ఇండ్లు కట్టే ఇసుకకు పార్టీలు కొట్లాడతాయి గానీ, పిచ్చుకగూళ్లు కట్టే ఇసుకను పట్టించుకునే నాథుడు లేడు. రెండేళ్లోళ్లకు ఓటు లేదు గదా.

ఇసుకతోపాటు మావాడి ఫోన్‌లో ఒక జాబితా కూడా ఉంది. పసిపిల్లల్ని ఆరుబయట ఎట్ల ఆడించాలో వరసపెట్టి చెప్తుంది. మొదటి ఆట, రాలిన రంగురంగుల ఆకులు ఏరడం. మా వీధికంతా ఉండేది ఒక్క వేపచెట్టు. సిమెంటు ఫ్యాక్టరీల ఊరి చెట్టు కాబట్టి ఏ కాలంలోనైనా దాని ఆకు ఒకటే రంగు, బూడిదరంగు. వాన పడిన మర్నాడు మాత్రం ఉన్నట్టుండి పచ్చగా కనబడి పిల్లోణ్ని జడిపిస్తుంది.

రెండోది, వాన గుంతల్లో ఎగరడం. దీనికి ఎర్రబూట్లు కావాలంట. ఈ విద్య మా మనవడికి ఫోన్‌లో పెప్పా అనే ఇంగ్లీషు పంది నేర్పింది. మా మురికికాలవలో పొర్లే పందులు బూట్ల ఖర్చు లేకుండానే ఇన్నేళ్లుగా అదే పని చేస్తున్నాయి, వాటిని చూసి ఒక్కరూ నేర్చుకోలేదు. అయినా ఊరి పేరులో గుంట్లు ఉన్నాయని నీళ్లుంటాయా?

మూడోది మధ్యాహ్నం పిక్నిక్. మేలో నలభై రెండు డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం బయట దుప్పటి పరిస్తే దాని మీద అప్పడాలు ఎండబెట్టుకోవచ్చు.

నాలుగోది సుద్దముక్కతో నేల మీద గీతలు గీయించడం. ఇది చదివి మాత్రం నాకు నవ్వాగలేదు. మా మండలంలోనే కలమల్ల ఉంది. ఎరికల్ ముత్తురాజు ధనుంజయుడనే రేనాటి చోళరాజు కాలంలో, 575 ప్రాంతంలో, అక్కడ రాతి మీద అక్షరాలు చెక్కినారు. ఇంతవరకు దొరికిన తెలుగు శాసనాల్లో అదే పాతదని పండితులు అంటారు. రాయి కనబడితే గీకడం మాకు పద్నాలుగు వందల యేండ్ల అలవాటు. దాన్ని ఇంకొకరు మాకు నేర్పుతారంట!

'మడ్ కిచెన్' అని ఇంకోటుంది. కొయ్యతో చేసిన చిన్న పొయ్యి, చిన్న గిన్నెలు, మన్నుతో వంట. గుజ్జనగూళ్లు అంటే ఉత్తపుణ్యానికే పోతుందని పేరు మార్చి వేలల్లో అమ్ముతున్నారు.

బయట ఇంత కష్టమైతే లోపలే బయటను కట్టిస్తామని పట్నాల్లో కొందరు ముందుకొచ్చినారు. ఏసీ గది, ప్లాస్టిక్ గడ్డి, ప్లాస్టిక్ జారుడుబండ. గంటకు రెండు వందలు. సాక్సులు లేనిదే రానియ్యరు, అవీ వాళ్ల దగ్గరే కొనాలి. ఏడాది నుంచి నాలుగేళ్ల వయసు పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మూడు గంటలు ఆ ఏసీ గదిలోనే కదిలిస్తే రోజుకు ఆరొందలు, నెలకు పద్దెనిమిది వేలు. ఆ సంస్థ చెప్పింది కదలమనే గానీ, సాక్సులేసుకోమని కాదు.

ఇంతవరకు మావాణ్ని ఆడిపోసుకున్నా గదా, ఇప్పుడు నా సంగతి చెప్తా. మా వాకిట్లో ఒకప్పుడు మన్నుండేది. ఇంట్లోకి దుమ్మొస్తాందని, వానకు బురదవుతాందని, గోడ నుంచి గోడ దాకా నాపబండలు పరిపించినోణ్ని నేనే. పక్కనే బండల ఫ్యాక్టరీలున్నాయి, చవగ్గా వస్తే వదులుతామా? ఇప్పుడు ఎండాకాలం పొద్దున తొమ్మిదికే ఆ బండ మీద పిల్లోడు కాలు పెట్టలేడు. గేటు దాటితే లారీలు. పుట్టుమన్నును బండ కింద పూడ్చి, డబ్బా మన్ను కోసం బెంగళూరు వైపు చూసినోళ్లం మేము. వీధిలో మా ఇల్లొక్కటే కాదు, లెక్కబెడితే అన్నీ అంతే.

ఏ జాబితాలోనూ లేని ఆట ఒకటి మాత్రం మా ఊళ్లో ఉంది. సాయంత్రం పిల్లోణ్ని భుజాన ఎక్కించుకుని స్టేషను పక్కకు పోతే చాలు. 2016లో నంద్యాల లైను కూడా కలిసినాక బండ్లకు కొదవలేదు. థర్మల్ కరెంటు కేంద్రానికి బొగ్గు మోసే గూడ్సు ఒక్కటి వచ్చిందంటే యాభై ఎనిమిది డబ్బాలు. మా మనవడికి రెండు దాకానే లెక్క వచ్చు. ఒకటి, రెండు, ఒకటి, రెండు అనుకుంటూ ఇరవై తొమ్మిది సార్లు లెక్కబెట్టి, బండి పోయినాక "ఇంకోటి" అంటాడు.

నిన్న ఎదురింట్లో మిద్దె పనికి ట్రాక్టరు ఇసుక దించింది. కళ్లు మూసి తెరిచేలోగా మా మనవడు దాని నెత్తికెక్కినాడు. పాదం మీద ఇసుక కప్పి, తట్టి, మెల్లగా కాలు లాగి గూడు కట్టడం ఎవురు నేర్పినారో నాకు తెలీదు. వాళ్ల జేజి మీదే నా అనుమానం. గంటన్నర ఫోన్ అడగలేదు. చివరికి మేస్త్రీ వచ్చి, "పెద్దాయనా, మీవోడు పొద్దున్నించి రెండు బొచ్చెల ఇసుక వీధిలో పోసినాడు, మాకు ప్లాస్టరింగు ఉంది," అన్నాడు. లోపలికి పోయి 599 ఇసుక తెచ్చి ఆ కుప్పలో కలిపి బాకీ తీర్చినా. పైసల్లెక్కన చూస్తే మేస్త్రీయే నాకు బాకీ.

ఖాళీ డబ్బాలో వాళ్ల జేజి ఎర్రగడ్డలు పోసుకుంది.