కథానిలయంలో బీరువాని

తెలుగు కథల గ్రంథాలయమైన శ్రీకాకుళం కథానిలయంలో ఒక బీరువాని నేను. నా అరల నిండా పాత భారతి, యువ పత్రికలు, వారపత్రికల బైండ్లు. రామబాణం పురుగు నాకు పగవాడు. అది తినేసిన పేజీలో ఎవరి కథ ఉందో, ఆ మనిషి పోయి ఉంటే, మళ్లీ రాసిచ్చేవాళ్లుండరు.

ఈ ఇల్లు కట్టించింది కాళీపట్నం రామారావు మాస్టారు. భారతి పత్రిక మొదలైన 1924లోనే మురపాకలో పుట్టారు. విశాఖలో బడిపంతులుగా పనిచేశారు. 'యజ్ఞంతో తొమ్మిది'కి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వస్తే, ఆ డబ్బు ఇంట్లో దాచుకోకుండా దీనికి పెట్టుబడి చేశారు. 1997 ఫిబ్రవరి 22న తలుపులు తెరిచారు. తాను రాసిన కథలు తక్కువే. ఇతరుల కథలు వెతికి తేవడానికి, కొత్తవాళ్లు రాసినవి చదివి వాళ్లతో కూర్చుని మాట్లాడటానికి పెట్టిన కాలం మాత్రం చాలా ఎక్కువ. రచయిత అన్నవాడు ఇంత పెద్దమనసుతో ఉండటం అరుదని నా నమ్మకం.

ఫిబ్రవరిలో వార్షికోత్సవం వస్తుంది. ఉపన్యాసాలుంటాయి, శాలువాలుంటాయి. నాకిష్టమైనది అది కాదు. నలుగురైదుగురు కుర్చీలు దగ్గరికి లాక్కుని, ఇంకా అచ్చుకాని కథ చదువుకునే పూటలు నాకిష్టం.

అలాంటి ఒక పూట ఉద్దానం నుంచి వచ్చిన అమ్మాయి చదివింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు కొబ్బరితోట మొత్తం నేలకూలిన ఇంటి కథ. మొదట గొంతు వణికింది. తోటలో తండ్రి ఒక్కడే తిరిగే చోటికి వచ్చేసరికి కుదురుకుంది. చదవడం అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన, "చివర్లో నష్టపరిహారం వచ్చేసినట్టు ఎందుకు రాసేవమ్మా?" అన్నారు. "అలా కాకపోతే చదివినోళ్లు తట్టుకోలేరండీ" అందామె. "మీ నాన్న తట్టుకున్నాడు కదా" అన్నారాయన, చాలా మెత్తగా.

ఆయన లేచి నా తలుపు తీశారు. 'యజ్ఞం' ఉన్న పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టారు. 1966లో అచ్చయిన కథ. తరాలు దాటే అప్పు, దాన్ని తెగ్గొట్టడానికి ఒక తండ్రి చేసిన ఘోరం. ఆ ముగింపు సరైనదా కాదా అని ఎన్నేళ్లు వాదించుకున్నారో! ఆ అమ్మాయి అక్కడే, నాకు ఆనుకుని నిలబడి చదివింది. వెళ్లేముందు తన కాగితాల్లో చివరి రెండు పేజీలు కొట్టేసింది.

కొత్త కథ చదివేచోటికి పాత కథ చేయి చాచినంత దూరంలో ఉండాలి. మాస్టారు కథానిలయం కట్టింది అందుకేనని ఆ పూట నాకు తెలిసింది.

2021 జూన్ 4న మాస్టారు వెళ్లిపోయారు. పత్రికలు స్కాన్ అయి, అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు కూడా ఇంట్లో కూర్చుని చదువుకుంటున్నారు. మంచిదే, పురుగుకి అందదు. కానీ స్కాన్ చెయ్యడానికైనా ముందు ప్రతి ఉండాలి కదా. మీ తాతగారి అటక మీద అట్ట ఊడిన వారపత్రికలుంటే, తూకానికి వేసేముందు ఒక్కసారి విప్పి చూడండి. కథ కనిపిస్తే శ్రీకాకుళం పంపండి. నా కింది అరలో ఇంకా చోటుంది.