సటీక షడ్లైనీయం

మూలం:

లైన్ల నిలవడ్డ. లైన్ వొయింది.
లైన్‌మన్ లైన్ మీదున్నడు, ఆయన లైన్ కలుస్తలేదు.
నువ్వు లైన్లనే ఉండు.

అవతారిక: బీర్కూర్ మంజీర ఒడ్డు ఊరు. అదే ఏటికి ఎగువన, మెదక్ దగ్గరి కొల్చారం మల్లినాథసూరిదని చెబుతారు. కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘునికి సర్వంకష రాసిన ఆ మహానుభావుడు మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఒట్టేసుకున్నాడు. ప్రస్తుత టీకాకారుడు ఆ ఒట్టులో మొదటి సగానికి మాత్రమే పూచీ.

సందర్భం 2025 వానాకాలం. నాట్లు పడ్డాయి, యూరియా దొరకదు. రాష్ట్రమంతా సొసైటీల ముందు తెల్లారకముందే వరుసలు. బీర్కూర్‌లో అలాంటి వరుస దగ్గరి నుంచి ఒక రైతు ఫోన్‌లో అన్నవి ఈ మాటలు. ఇలాంటి వాటికి కర్త పేరు ఉండదు.

ప్రతిపదార్థం: లైన్ల = వరుసలో; నిలవడ్డ = నిలబడ్డాను; లైన్ = కరెంటు; వొయింది = పోయింది; లైన్‌మన్ = విద్యుత్ శాఖ వాడు; లైన్ మీద = స్తంభం మీద; ఆయన లైన్ = ఆయన ఫోను; కలుస్తలేదు = తగలడం లేదు; లైన్లనే ఉండు = ఫోన్ పెట్టేయకు.

వ్యాఖ్య: లాటిన్‌లో 'లీనుమ్' అంటే అవిసె, ఆ నారతో పేనిన దారం 'లీనియా', దాని నుంచి లైన్. కాబట్టి తీగ అనే అర్థం వ్యుత్పత్తికి దగ్గర, యూరియా వరుస దూరం. ఆక్స్‌ఫర్డ్ నిఘంటుకారులు 'రన్' అనే ఒక్క క్రియకు 645 అర్థాలు తేల్చారు. 'లైన్' కోసం వాళ్లు బీర్కూర్ దాకా వచ్చినట్టు లేదు.

'లైన్ల' దగ్గర వివాదం ఉంది. ఇంట్ల, చేన్ల అన్నట్టు 'లో' కురచై 'ల' అయిందని ఒక పక్షం. అప్పుడు వరుస ఒక్కటే. లైన్లు అనే బహువచనానికి విభక్తి ముందు వచ్చే రూపమిదని మరో పక్షం. అప్పుడు వరుసలు అనేకం. మాకు రెండూ సమ్మతమే. ఎందుకంటే రైతు వేపచెట్టు కింద బీడీ కాలుస్తున్నాడు. ఒక లైన్‌లో ఆయన చెప్పులున్నాయి, ఇంకో లైన్‌లో పాసుపుస్తకం జిరాక్స్, ఎగిరిపోకుండా మీద రాయి. కనుక 'నిలవడ్డ' అన్నది వాచ్యార్థం కాదు, లక్షణ. గంగలో పల్లె అంటే గంగ ఒడ్డున పల్లె అని ఆలంకారికులు చెప్పే పాఠం మంజీర ఒడ్డువాళ్లకు వేరే నేర్పాలా? భరతుడు నందిగ్రామంలో పాదుకలను పద్నాలుగేళ్లు గద్దె మీద కూర్చోబెట్టాడు. ఇక్కడ 45 కిలోల బస్తా కోసం నిలబెట్టారు.

'లైన్ వొయింది, లైన్‌మన్ లైన్ మీదున్నడు' అన్నచోట తార్కికులు అడ్డుపడతారు. లైన్ పోయింది గనుక ఆయన ఎక్కాడా, ఆయన ఎక్కాడు గనుక లైన్ పోయిందా? అన్యోన్యాశ్రయ దోషం కదా అంటారు. కాదు. ముందు గాలికి కొమ్మ విరిగి తీగ తెగింది, అది తానుగా పోవడం. తర్వాత ఆయన సబ్‌స్టేషన్‌కు చెప్పి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకున్నాడు; అప్పుడు ఫీడరు మొత్తం ఆపేశారు. ఈ రెండో పోవడమే ఆయన ప్రాణానికి రక్ష. ఊరంతా తిట్టుకునేది కూడా దీన్నే. వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1 నుంచి ఉంది. గాలివానకు ఆ సంగతి తెలియదు. నిజాంసాగర్ కాలువ ఉండగా రైతుకు నీళ్ల మోటారు, కరెంటు గొడవ ఎందుకన్న శంకకు సమాధానం: కాలువ నీరు వంతుల మీద వస్తుంది, పైగా అన్ని చేలకూ ఎక్కదు.

'నువ్వు' ఎవరు? దుబాయిలోని కొడుకని కొందరి వ్యాఖ్య. అది చింత్యం. అక్కడ వాట్సప్ కాల్ పలకదు, మామూలు కాల్‌కు డబ్బులు కాలుతుంటే లైన్లనే ఉండమనే తండ్రి ఈ సీమలో పుట్టలేదు. మోటారు దగ్గర నిలబడ్డ భార్య అనడమే సబబు.

రైలు అర్థం ఇక్కడ పొసగదు. ఆ లైన్ బోధన్ దాకా వచ్చి ఆగింది. 'లైన్ వేయడం'లోని శృంగారార్థాన్ని బస్టాండు కుర్రవాళ్లకు వదిలేశాం.

విశేషం: ఆరుసార్లు ఒకే మాట, అయినా వినే భార్యకు ఒక్కచోటా సందేహం రాలేదు. పని చేసిందంతా తెలుగు క్రియ: నిలవడ్డ, వొయింది, కలుస్తలేదు. లైన్ ఊరికే వెంట నడిచింది.

పాఠాంతరం: 'మన్' ఉన్నందున లైన్‌మన్ నిత్య పుంలింగమని పాత వ్యాఖ్యాతలు. అది చెల్లదు. సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష హైకోర్టుకెక్కి, ఆ తర్వాత స్తంభమెక్కి, 2021లో రాష్ట్రంలో తొలి లైన్‌వుమన్ అయింది. కనుక 'మీదున్నడు' అన్నచోట 'మీదున్నది' అనే పాఠం కూడా గ్రాహ్యం. అప్పుడు కరెంటా, మనిషా అన్న సందిగ్ధం పుడుతుంది. అది మోటారు దగ్గరున్న ఆమె చూసుకుంటుంది.