పులిగారి బ్రేక్ దర్శనం

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు పెద్దమనిషి మొన్న లిఫ్టులో నన్ను పట్టుకుని కడిగేశాడు, తీర్పు నేనే రాసినట్టు. 2025 నవంబరు 17న సుప్రీంకోర్టు చెప్పింది కదా, పులుల అడవిలో కోర్ ప్రాంతానికి వెళ్ళినవాళ్ళు ఫోను వాడకూడదని, రాత్రి టూరిజం బంద్ అని. ఆయన ప్రశ్న ఒక్కటే: "ఫోను లేకుండా పులి కనబడి ఏం లాభం సార్?"

ఇంత నిజాయితీ ఈమధ్య ఎవరి నోటా వినలేదు.

ఈయనే ఏడాదికి రెండుసార్లు తిరుమల వెళతాడు. కౌంటర్లో ఫోను ఇచ్చేసి రసీదు మడిచి జేబులో పెట్టుకుంటాడు. కంపార్ట్‌మెంట్‌లో పడిగాపులు కాస్తాడు. స్వామి ఎదుట రెండు క్షణాలు, "జరగండి జరగండి", బయటికొచ్చి కళ్ళు తుడుచుకుంటాడు. సెల్ఫీ దొరకలేదని ఏనాడూ అలగలేదు. కాబట్టి తప్పు ఆయనది కాదు, అటవీశాఖది. దర్శనం ఎలా చేయించాలో వాళ్ళకు చేతకావడం లేదు. నా మనవి: మహారాష్ట్ర తాడోబా పులుల అడవిలో అర్జంటుగా తాడోబా వ్యాఘ్ర దేవస్థానం ఏర్పాటు చెయ్యండి. పొట్టిగా టీవీడీ.

సర్వదర్శనం వాళ్ళకు వెదురుపొద చూపిస్తే చాలు, చారలు ఎవరికి వాళ్ళు ఊహించుకుంటారు. మూడొందల టికెట్‌కి బురదలో పాదముద్ర. ఎమ్మెల్యేగారి సిఫార్సు లేఖ తెచ్చినవాళ్ళకు బ్రేక్ దర్శనం; లేఖ చూడగానే పులి లేచి, ఎండ పడే వైపు ముఖం పెట్టి కూచోవాలి. రాత్రంతా వేటకు తిరిగి అప్పుడే నడుం వాల్చిన పులిని ఆరింటికి జీపు హారనుతో లేపడం సుప్రభాత సేవ. రాత్రి సఫారీకి ఏకాంత సేవ అని పేరు పెడదామనుకున్నాను గానీ, ఏకాంతం అంటే ఒంటరిగా వదిలెయ్యడమని కోర్టువారు పొరబడ్డారు. ఇక జీపు దిగి దగ్గరికి వెళ్ళే భక్తులకు నిలువుదోపిడి మొక్కు ఉంటుంది. దాన్ని పులే స్వయంగా తీర్చుకుంటుంది.

ఊరేగింపు మాత్రం కొత్తగా పెట్టక్కర్లేదు. ఆ ఉత్సవం జరిగిపోయింది. 2024 డిసెంబరు 31న, నాగపూర్ దగ్గర ఉమ్రేడ్-పౌనీ-కర్హాండ్లా అభయారణ్యంలో, ఎఫ్-2 అనే ఆడపులి అయిదు పిల్లలతో దారి దాటబోయింది. అటు సఫారీ జిప్సీలు, ఇటు జిప్సీలు. తల్లీపిల్లలు నడిమధ్యన. బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి తనంతట తానే కేసు చేపట్టింది. డ్రైవర్లు, గైడ్లు సస్పెండయ్యారు.

అయితే ఒక్క మాట. స్టీరింగు పట్టుకున్నవాడికి పులి రోజూ కనబడేదే. దాని మీదికి బండి పోనిస్తే వాడికొచ్చేదేముంది, వెనకసీటు వాళ్ళ టిప్పు తప్ప? "ఇంకొంచెం ముందుకు పోనీ భయ్యా" అనేది ఎవరు? చూడ్డానికే వచ్చామంటారు, వచ్చిన దగ్గర్నుంచీ కళ్ళు స్క్రీన్ మీదే. పులి వేటకు దూకిన ప్రతిసారీ ఏదో దొరుకుతుందని లేదు, ఎక్కువసార్లు ఉత్త నోటితోనే తిరిగొస్తుంది. అది ఆకలితో పొంచి ఉన్నప్పుడు మనం ఇంజను రేజ్ చేస్తాం. అది పిల్లల్ని దాటించుకుంటుంటే మనం దారికి అడ్డంగా బండి పెడతాం. పైగా డబ్బు కట్టాం కదా అంటాం! సిగ్గు లేదూ? టికెట్ కొన్నది అడవిలోకి వెళ్ళడానికి. పులిని కొనుక్కోలేదు.

లిఫ్టు అయిదో అంతస్తుకొచ్చినా ఆయన దిగలేదు. పోయిన ఎండాకాలం తాడోబాలో తీసిన వీడియో చూపించాడు. పద్నాలుగు సెకన్లు. నీటిగుంట అంచున పులి వంగి నాలుక ముంచింది. ఇంతలో ఎవరో గట్టిగా ఈల వేశారు. తాగడం ఆపి తలెత్తి కెమెరా వైపు చూసింది.

"ఆ ఈల ఎవరిది?" అన్నాను.

"మా చిన్నోడిది సార్," అన్నాడు మురిసిపోతూ. "వాడు వెయ్యకపోతే అసలు ఇటు తిరిగేదే కాదు."