రీడింగులు సరిపోయాయి సార్!

మొన్న ఆదివారం మా మేనల్లుడి ఇంటికి వెళ్లేసరికి వాడు ల్యాప్‌టాప్ ముందు బాసింపట్టు వేసుకు కూర్చుని గళ్లలో ఒకట్లూ రెండ్లూ మూళ్లూ నింపుతున్నాడు. సుడోకు ఆడుతున్నాడేమో అనుకున్నాను. కాదట. ఇంజినీరింగ్ విద్యా ప్రమాణాలు పెంచుతున్నాడట.

వాడొక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఈఈఈ (ఎలక్ట్రికల్) అసిస్టెంట్ ప్రొఫెసర్. కాలేజీ పేరు చెప్పను. బైపాస్ పక్కన, పసుపు బస్సులు బారులు తీరి ఉంటాయి, గేటు మీద సరస్వతీదేవి, గేటు పక్కన ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీ. మీ ఊరి కాలేజీయే అనుకున్నా తప్పులేదు.

"ఏమిట్రా ఇది?" అన్నాను.

"సీఓ-పీఓ మ్యాపింగ్ మామయ్యా. నా సబ్జెక్టుకి ఐదు కోర్స్ అవుట్‌కమ్స్, డిగ్రీ మొత్తానికి కొన్ని ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్. దేనికీ దేనికీ ఎంత సంబంధమో అంకెల్లో వెయ్యాలి. గట్టి సంబంధమైతే 3, మధ్యరకం 2, దూరపు చుట్టరికం అయితే 1."

కళ్లజోడు సవరించుకుని వంగి చూశాను. ట్రాన్స్‌ఫార్మర్ల పాఠానికీ పర్యావరణానికీ 2. ట్రాన్స్‌ఫార్మర్లకీ జీవితాంతం నేర్చుకుంటూ ఉండడానికీ 3. 'నైతిక విలువలు' అన్న గడిలో మాత్రం 1.

"పాపం దానికి ఒకటేనా?"

"3 వేస్తే రుజువులు అడుగుతారు మామయ్యా. 1 జోలికి ఎవరూ రారు."

కింద ఇంకో పట్టిక ఉంది. పిల్లలు ఇవన్నీ ఎంతవరకు సాధించారో చెప్పే పట్టిక. అందులో 2.4 అని ఆకుపచ్చ రంగులో మెరుస్తోంది. బాగానే చెబుతున్నాడన్నమాట అని ముచ్చటేసి, "సిలబస్ అయిపోయిందా?" అన్నాను.

"ఎక్కడ? ఇంకా మూడో యూనిట్‌లోనే ఉన్నాం."

"మరి 2.4 ఎలా సాధించారు?"

"హెచ్‌ఓడీ గారు 2.4 రావాలన్నారు. ముందు అది వేసేసుకుని, అక్కణ్ణించి వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చాను."

నేను మారు మాట్లాడలేదు. ఆ విద్య నాకూ వచ్చు. నిజం చెప్పాలంటే నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో నేను క్షుణ్ణంగా నేర్చుకున్నది అదొక్కటే.

మా మెషీన్స్ ల్యాబ్‌లో మొట్టమొదటి ప్రయోగం డీసీ షంట్ జనరేటర్ మ్యాగ్నటైజేషన్ కర్వ్. ముప్ఫై మందికి ఒకటే సెట్టు: తిప్పడానికో మోటారు, తిరగడానికో జనరేటరు. దసరాకి పెట్టిన కుంకుమ బొట్టు దాని మీద ఉగాది దాకా చెక్కుచెదరకుండా ఉండేది, ఎవరూ ముట్టుకోరు గనక. స్టార్టర్ హ్యాండిల్ జరిపినప్పుడు చిటుక్కుమని నిప్పురవ్వ వస్తే ముందు వరసలో నలుగురం రెండడుగులు వెనక్కి వేసేవాళ్లం. వెనక వరసల్లో ఉన్న ఇరవై ఆరుగురికి వేసే పని ఉండేది కాదు, వాళ్లు కిటికీ దగ్గర సీనియర్ రికార్డు కాపీ చేసుకుంటూ ఉండేవాళ్లు. ల్యాబ్ అటెండర్ ఒకాయన ఉండేవాడు, ఐటీఐ చదివాడు. మెషీన్ శబ్దం విని బేరింగ్ ఎన్నాళ్లు వస్తుందో చెప్పగలిగేవాడు. మొత్తం డిపార్ట్‌మెంట్‌లో ఆ మెషీన్‌తో మాటా మంతీ ఉన్నది ఆయనొక్కడికే. మాకు మాత్రం ఆయన దగ్గర కనెక్షన్ వైర్లు తీసుకోవడం తప్ప ఇంకో పని ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

ఇక రికార్డు రాసే పద్ధతి. పుస్తకాల్లో ఏం రాసి ఉంటుందంటే, ముందు రీడింగులు తీసుకోవాలి, వాటిని గ్రాఫు మీద చుక్కలుగా పెట్టాలి, చుక్కల్ని కలుపుతూ గీత గియ్యాలి అని. మేం ముందు గీత గీసేవాళ్లం. కర్వ్ ఎలా ఉండాలో సీనియర్ రికార్డులో ఉంది కదా. గీత మీద సమానమైన దూరాల్లో పెన్సిల్‌తో చుక్కలు పెట్టేవాళ్లం. ఆ చుక్కల విలువలు చూసి పట్టికలో రీడింగులు నింపేవాళ్లం. కాస్త తెలివైనవాడు ఒకటి రెండు చుక్కల్ని గీతకి అటూ ఇటూ జరిపి పెట్టేవాడు, సహజంగా ఉంటుందని. మా బ్యాచ్‌లో డిజైన్ సెన్స్ ఉన్నది వాడికే. వాడిప్పుడు అమెరికాలో ఉన్నాడు.

ఆ గీతకి చిత్రమైన లక్షణం ఒకటుంది. అది సున్నా దగ్గర మొదలవదు. ఫీల్డుకి కరెంటు ఇవ్వకముందే, జనరేటర్ ఊరికే తిరుగుతున్నప్పుడే వోల్ట్‌మీటరు ముల్లు కొంచెం పైకి లేస్తుంది. ఏమీ ఇవ్వకుండా ఏదో ఎలా వచ్చింది? వచ్చిందంటే, ఇనుము మరిచిపోదు కాబట్టి. నిన్నటి కరెంటు తాలూకు అయస్కాంతత్వం ఇవాళ కూడా కాస్త దాంట్లో మిగిలి ఉంటుంది. ఆ కాస్తా లేకపోతే షంట్ జనరేటర్ తనంతట తాను వోల్టేజీ పుట్టించుకోలేదు. ఎంత తిప్పినా ఉత్తినే తిరుగుతుంది. పంతొమ్మిదేళ్ల కుర్రాణ్ణి ఆ ముల్లు ముందు నిలబెట్టి "సున్నా ఎందుకు లేదురా?" అని అడిగి ఓ పావుగంట వదిలేస్తే చాలు, వాడు జన్మలో మరిచిపోడు. మమ్మల్ని వైవాలో "వాట్ ఈజ్ రెసిడ్యువల్ మ్యాగ్నటిజం?" అని అడిగారు. ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాం. ఆ ముల్లు లేవడానికీ ఈ వాక్యానికీ సంబంధం ఉందని నాకు తెలిసింది డిగ్రీ చేతికొచ్చిన తొమ్మిదేళ్లకి, మా ఊరి చేలో మోటార్లు బాగుచేసే మెకానిక్ ద్వారా.

ఈ సోదంతా మావాడికి చెబితే వాడు నవ్వలేదు. "ఇప్పుడు అలా కాదు మామయ్యా" అన్నాడు. ఇప్పుడు సీనియర్ రికార్డు పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపులో ఉంటుందట. అభివృద్ధి కాదని ఎలా అనగలం?

అలాగని పైవాళ్లు చేతులు కట్టుకు కూర్చున్నారనుకోవద్దు. 2014లో మన దేశం, ఇంజినీరింగ్ డిగ్రీలని దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం తెచ్చుకుంది. మాస్టారు ఏం చెప్పాడన్నది కాదు, పిల్లవాడు ఏం చెయ్యగలుగుతున్నాడన్నది చూడాలి అన్నది దాని సారం. బంగారంలాంటి మాట, నేను వెటకారం చెయ్యడం లేదు. ఆ మాట ఢిల్లీలో బయల్దేరి, అక్రెడిటేషన్ అనే టోల్‌గేటు దాటి, మా బైపాస్ కాలేజీకి చేరేసరికి ఎక్సెల్ షీటు అయింది. ప్రశ్నపత్రంలో మార్కుల పక్కన ఇప్పుడు, ప్రశ్న ఏ మెట్టు ఆలోచనని అడుగుతోందో చెప్పే బ్లూమ్స్ లెవెల్ అని ఓ గడి ఉంటోంది. ప్రశ్న మా కాలం నాటిదే. 'వివరించండి' కొట్టేసి 'విశ్లేషించండి' అని పెట్టారు. అంతే, రెండో మెట్టు మీదున్న పిల్లలు నాలుగో మెట్టు మీదికి ఎగబాకారు. జవాబు ఆల్-ఇన్-వన్ గైడులో అదే పేజీలో ఉంది.

2018లో సాంకేతిక విద్యని నియంత్రించే ఏఐసీటీఈ కొత్త నమూనా సిలబస్ ఇచ్చింది. మొత్తం క్రెడిట్లను 160కి తగ్గించింది, పిల్లలకి ఊపిరాడాలని, సొంతంగా ఏదైనా చేసుకోవడానికి తీరిక దొరకాలని. తీరిక దొరికింది. దొరికిన గంటని దొరికినట్టే ఉద్యోగాల పరీక్షలకి తయారుచేసే సీఆర్‌టీ క్లాసులో పెట్టేశారు. అందులో గడియారం ముళ్ల మధ్య కోణం ఎంత, రైలు ప్లాట్‌ఫారం దాటడానికి ఎన్ని సెకన్లు లాంటి లెక్కలు చేయిస్తారు. ఆ ఏడాదే ఇంకో సంస్కరణ కూడా జరిగింది. పదిహేను మందికి ఒక టీచర్ ఉండాలన్న నిబంధనని ఇరవై మందికి ఒకరు అని మార్చారు. అప్పటిదాకా టీచర్లు చాలని కాలేజీల్లో తెల్లారేసరికి టీచర్లు సరిపోయారు. చూశారా, గీత ముందు గీసుకుని చుక్కలు తర్వాత పెట్టే విద్య ఒక్క మా బ్యాచ్‌దే అనుకుని ఇన్నాళ్లూ ఎంత సిగ్గుపడ్డానో!

టీచర్లకీ నేర్పాలి కదా అని మావాణ్ణి ఈ మధ్య ఓ ఎఫ్‌డీపీకి (అధ్యాపకుల శిక్షణకి) పంపారు. విషయం: తరగతిలో విద్యార్థిని చురుగ్గా ఉంచే బోధనా పద్ధతులు. వచ్చిన పెద్దమనిషి తెర మీద ఒక స్లైడు చూపించారట. 2014లో అమెరికాలో 225 అధ్యయనాలను కలిపి చూశారు, ఉత్త లెక్చరు వినే పిల్లలు, తామే ఏదో ఒకటి చేస్తూ నేర్చుకునే పిల్లలకన్నా ఒకటిన్నర రెట్లు ఎక్కువగా ఫెయిలవుతున్నారని. నిజమే, ఆ అధ్యయనం గట్టిదే. ఆ స్లైడునీ, మరో నూట పన్నెండు స్లైడులనీ ఆయన పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా చదివి వినిపించారు.

"మీరంతా ఏం చేశారు మరి?"

"చురుగ్గానే ఉన్నాం మామయ్యా. వెనక కూర్చుని కోర్స్ ఫైళ్లు పూర్తిచేసుకున్నాం. ఫీడ్‌బ్యాక్ నింపితేనే సర్టిఫికెట్ ఇస్తారు కదా, అది పదిన్నరకే నింపేశాం. అందరం ఐదుకి ఐదు."

ఇంతలో వాడి భార్య టీ తెచ్చింది. టీ తాగుతూ వాడు తనంతట తనే ఒక సంగతి చెప్పాడు. వాడి సెకండియర్‌లో ఒక అమ్మాయి ఉంది. వాళ్ల నాన్నకి పల్లెటూళ్లో మోటార్ల వైండింగ్ షాపు. అదే ప్రయోగం, అదే డీసీ షంట్ జనరేటర్. ఆ అమ్మాయి రీడింగులు తీసింది. సొంతంగా, మీటరు చూసి! గ్రాఫు గీస్తే కర్వ్ ఆకారం బాగానే ఉంది గానీ మొత్తంగా కొంచెం కుడివైపుకి జరిగి వచ్చింది. పిల్ల మళ్లీ మెషీన్ దగ్గరికెళ్లి మెయిన్ ఆపేసి చూసింది. సప్లై లేనప్పుడే అమ్మీటరు ముల్లు 0.1 దగ్గర కూర్చుని ఉంది. రికార్డులో గ్రాఫు కింద ఒక వాక్యం రాసింది: మీటరు సున్నా తప్పుగా ఉంది, అందుకే గీత పక్కకి జరిగింది, ప్రతి రీడింగులోంచీ 0.1 తీసెయ్యాలి అని.

నాకు టీ కప్పు పక్కన పెట్టెయ్యాలనిపించింది. "శభాష్! ఏమన్నారు?"

"మళ్లీ రాసుకు రమ్మన్నారు. మిగతా యాభై తొమ్మిది రికార్డులూ ఒకేలా ఉన్నాయి. ఇదొక్కటీ తేడాగా ఉంటే బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ చూసి ఏమనుకుంటాడని."

"ఎవర్రా ఆ తెలివితక్కువ దద్దమ్మ?"

వాడు కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఏటా సెప్టెంబర్ 15న, ఇంజినీర్స్ డే అని, ఇదే కాలేజీలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పటానికి బంతిపూల దండ వేస్తారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ని ముంచేస్తే, మరుసటేడు నిజాం ప్రభుత్వం ఆయన్ని పిలిపించింది. ఆయన వచ్చి, వాన లెక్కలు తీయించి, నీళ్లు ఎక్కణ్ణించి ఎంత వస్తున్నాయో చూసి, ఊరికి ఎగువన జలాశయాలు కట్టమన్నారు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఆ వాన లెక్కలు ఏ సీనియర్ రికార్డులోంచో దించుకుని ఉంటే ఇవాళ హైదరాబాద్‌లో దండ వేయడానికి పటం తగిలించే గోడ మిగిలేది కాదు.

నన్నెవరూ సలహా అడగలేదు. అడిగేదాకా ఆగితే కాలమ్ నడవదు కాబట్టి చెబుతున్నాను. ప్రతి ల్యాబ్‌లోనూ ఒక మీటరు తప్పుగా చూపించేది పెట్టండి. అది ఏ మీటరో చెప్పకండి. కనిపెట్టిన పిల్లలకి మార్కులు వెయ్యండి. అరవై రికార్డుల్లో ఒకే రీడింగులుంటే అరవై మందికీ సున్నా వెయ్యండి. మాస్టారికి ఎక్సెల్ పని తగ్గించి, వారానికి ఓ పూట ల్యాబ్ అటెండర్ పక్కన నిలబడే పని పెట్టండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. తప్పుడు మీటర్లకి మన కాలేజీల్లో ఏనాడూ కొరత లేదు.

ఇదంతా ఇలాగే మావాడితో అంటే, "ఇంకెక్కడి ల్యాబ్ మామయ్యా!" అన్నాడు. ఈ ఏడు కౌన్సెలింగ్‌లో ఈఈఈకి పట్టుమని పది మంది రాలేదు. బాగా నడిచే కాలేజీలకి బ్రాంచికి ఇన్ని సీట్లే అన్న పరిమితిని 2024లో ఏఐసీటీఈ ఎత్తేసింది కదా, పిల్లలంతా పెద్ద కాలేజీల్లో కంప్యూటర్ సైన్సుకే పోయారు. వీళ్లు కూడా ఈఈఈ ఎత్తేసి ఏఐ-ఎంఎల్ పెడుతున్నారు. మావాడికి వారం రోజుల ఎఫ్‌డీపీ చేయించి మెషీన్ లెర్నింగ్ చెప్పమన్నారు. మెషీన్లు చెప్పేవాడే కదా అని కాబోలు. మెషీన్స్ ల్యాబ్‌లో ఏసీలు, కంప్యూటర్లు దిగుతున్నాయి.

జనరేటర్ సెట్టు పోయిన శనివారం పాత ఇనుముకి వేశారు. అక్కడి ల్యాబ్ అటెండర్ దాన్ని లారీ ఎక్కించి, దాని మీది బొట్టు తుడిచి, పక్కకి వెళ్లి నిలబడ్డాడట. తూకం వేసేటప్పుడు ఛైర్మన్ గారు స్వయంగా వచ్చారు. మెషీన్ ఎక్కించకముందు కాటా సరిగ్గా సున్నా చూపిస్తోందో లేదో, కళ్లజోడు పెట్టుకుని, వంగి రెండుసార్లు చూసుకున్నారు.