ఎంపుట్ సూత్రమునకు నాందేడు టీక

మూలము: ఓపెన్ – బైనరీ – ఎల్‌సీడీ – సీడీ – ప్రాంప్ట్ – ఎంపుట్ స్టార్ డాట్ జేపీజీ – బై.

అవతారిక: నాందేడులోని ఒకానొక ఫొటో స్టూడియోవాడు ధర్మాబాదు తెలుగువారి పెళ్లి ఫొటోలను హైదరాబాదు ఆల్బమ్ ల్యాబుకు పంపగోరి, విండోస్ నల్లతెరపై ఎఫ్‌టీపీ అని కొట్టి పఠించు సూత్రమిది. ఫైళ్లను చేరవేయు ఈ ఎఫ్‌టీపీ పద్ధతికి సూత్రకర్త అభయ్ భూషణ్. కాన్పూరు ఐఐటీ తొలి జట్టువాడు. 1971 ఏప్రిల్‌లో అమెరికాలోని ఎంఐటీనుండి ఆర్‌ఎఫ్‌సీ 114గా దీనిని వెలువరించెను. 1985లో పోస్టెల్, రేనాల్డ్స్ 959వ సంఖ్యతో వార్తికము కూర్చిరి. మల్లినాథసూరి కాలమున ఫైళ్లు లేవు గనుక టీక నా పాలబడినది.

టీక: ఓపెన్ = తలుపు తీయుము; 21వ పోర్టు అని అధ్యాహారము. 331 అనగా పాస్‌వర్డు చెప్పుమనుట, 230 అనగా లోనికి రమ్మనుట. పాస్‌వర్డు తెరపై కనబడదు, తీగలో మాత్రము దిగంబరముగా పోవును. ఇది విరోధాభాసాలంకారము.

బైనరీ = ఉన్నదున్నట్లు. ఇది వ్యర్థపదమనువారు కలరు. వారి ఆల్బములు చూడవలెను. విండోస్ ఎఫ్‌టీపీ మొదట ఆస్కీ ధోరణిలో నుండి, సర్వమును వచనమనియే తలచును. అవతల యూనిక్స్ సర్వరున్నచో అది 13, 10 అను బైట్లు జంటగా కనబడినచోటెల్ల పంక్తి ముగిసినదని 13ను హరించును. పెళ్లికూతురి ఫొటోలోను అట్టి జంటలు తటస్థించును. అప్పుడు బాసికము వరకు పెళ్లికూతురు, దిగువ బూడిదరంగు.

ఎల్‌సీడీ = మన ఫోల్డరు; సీడీ = అవతలి ఫోల్డరు. నాందేడు గోదావరి బాసరకు దిగినట్లు పుట్ ఇటునుండి అటు పోవును, గెట్ ఎదురీత.

ప్రాంప్ట్ = అడుగకుము. ఇది లేనిచో ఫొటోకొకమారు పంపుదునా అని అడుగును. రెండుమార్లు పలికిన మరల అడుగనారంభించును. పునరుక్తి దోషమనగా నిదియే.

ఎంపుట్ = పెక్కు ఫైళ్లను పుట్ చేయుము; స్టార్ = ఏ పేరైనను. ముహూర్తమునకు సంబంధించిన నక్షత్రము కాదు.

తాత్పర్యము: ఫొటోలన్నియు పంపుము.

ఆక్షేపము: 230 వచ్చినది, ఎంపుట్ అనగానే మౌనము. ఏల? సమాధానము: ఆజ్ఞ పోవు త్రోవ వేరు, సరుకు పోవు త్రోవ వేరు. పాత పద్ధతిలో సర్వరే తన 20వ పోర్టునుండి మనవద్దకు రావలెను; స్టూడియో రౌటరు పిలువని చుట్టమును గడప దాటనీయదు. పాసివ్ పద్ధతిలో రెండవమారును మనమే పోవుదుము. విండోస్ ఎఫ్‌టీపీకి ఆ విద్య రాదు. కావున సూత్రమును నిందింపక వేరొక ప్రోగ్రామును ఆశ్రయించునది.

పాఠాంతరము: 'బై'కి 'క్విట్' అనియు కలదు, అర్థభేదము లేదు. నల్లతెర మూలనున్న ఇంటూ గుర్తు నొక్కుట నాందేడు పాఠము. లక్షణవిరుద్ధమైనను బహుజన ప్రయోగము.